మౌనం ఆరోగ్యం కాదు

1998లో సైబర్ టవర్స్ వెలసిన మాదాపూర్‌లోనే మా నివాసం. మా పై అంతస్తులో ఒక పెద్దాయన ఆక్సిజన్ యంత్రంతో శ్వాసిస్తున్నారు. కరెంటు పోతే ఆయనకు జనరేటరే ఆధారం.

మొన్న నెలవారీ పరీక్షలో ఇంజను చక్కగా మొదలైంది. అందరూ తృప్తిపడ్డారు. ఆయిల్ ప్రెషర్ సెన్సారునూ చూడమన్నాను. ప్రెషర్ పడిపోయినట్లు మెకానిక్ సంకేతమిచ్చినా అలారం మోగలేదు. తీగ తెగి ఉంది. డీజిల్ గొట్టం అతుకు వద్ద చెమ్మ కూడా కనబడింది. అది వేడి సైలెన్సరుపై పడితే మంటలు రేగవచ్చు.

నొప్పి తెలియక పుండు ముదిరిన మధుమేహ రోగుల పాదాలు గుర్తుకు వచ్చాయి. సెన్సారు మౌనంగా ఉన్నంత మాత్రాన ఇంజను క్షేమమని కాదు.

మీ భవనంలోనూ సెన్సార్లను, డీజిల్ గొట్టాలను నిపుణుని చేత పరీక్షింపజేయండి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. మూసిన గదిలో జనరేటరు నడపకండి.