ఒక్క హెచ్ తేడా

పైథాన్ స్క్రిప్టు ట్రాఫిక్‌ని టార్ అనే అజ్ఞాత నెట్‌వర్క్ గుండా పంపడం పెద్ద పనేం కాదు. టార్ నడుస్తుంటే 9050 పోర్టులో సాక్స్ ప్రాక్సీ సిద్ధంగా ఉంటుంది; టార్ బ్రౌజర్‌తో వచ్చేదైతే 9150. ప్రాక్సీ అడ్రసు ముందు 'సాక్స్5' అని రాసేసి నిశ్చింతగా ఉంటారు చాలామంది. చిక్కంతా అక్కడే. అలా రాస్తే సైటు పేరుకి ఐపీ వెతికే పని మన కంప్యూటరే చేస్తుంది. అంటే ఎక్కడికెళ్తున్నామో మామూలుగా మన నెట్ కంపెనీకి ముందే చెప్పేసి, తర్వాత ముసుగేసుకుని బయల్దేరినట్టు! 'సాక్స్5హెచ్' అంటే ఆ వెతుకులాట కూడా టార్ లోపలే. కర్ల్‌లోనూ అంతే.

ఇంకోటి. టార్ దారిలో చివరి సర్వరు (రిలే) దాటాక టార్ ఎన్‌క్రిప్షన్ ఉండదు. హెచ్‌టీటీపీఎస్ లేని సైటుకి పాస్‌వర్డ్ పంపితే ఆ రిలే నడిపేవాళ్లు చదవగలరు.

మీ స్క్రిప్టుల్లో ప్రాక్సీ లైను ఓసారి చూసుకోండి.