చెట్టు కంటే పొడుగు... ఆ పుట్టగొడుగు!

చెట్టు కింద పుట్టగొడుగు మొలవడం మామూలే. మరి, చెట్టుకే నీడపట్టే పుట్టగొడుగు ఉంటే? నమ్మబుద్ధి కాదు కదూ! అది చూడాలంటే స్కాట్లాండ్‌లోని కెయిర్న్‌గార్మ్స్ కొండలెక్కాలి.

ఎడిన్‌బరో నుంచి రైల్లో దాదాపు మూడు గంటలు వెళితే అవిమోర్ అనే చిన్న ఊరొస్తుంది. అక్కడ కొండల పాదాల దగ్గర పైన్ చెట్లు నిటారుగా నిలబడి ఉంటాయి. పైకెక్కేకొద్దీ అవి పొట్టివైపోయి చివరికి మాయమవుతాయి. ఆపైన ఊదారంగు హెదర్ పొదలు, ఇంకా పైకెళితే రాళ్లూ, నాచూ... అంతే! ఎత్తు 1200 మీటర్లే అయినా వాతావరణం మాత్రం ధ్రువప్రాంతాన్ని తలపిస్తుంది. 1986 మార్చిలో కెయిర్న్‌గార్మ్ శిఖరం మీద గాలి గంటకు 278 కిలోమీటర్ల వేగంతో వీచింది. అంత గాలికి ఏ చెట్టు నిలబడుతుంది?

నిలబడలేకే నేలమీద పడుకుంది... మరుగుజ్జు విల్లో. కాండాన్నీ కొమ్మల్నీ చాలావరకు మట్టిలోనే దాచుకుని, గుండ్రటి ఆకుల్ని మాత్రం అంగుళమో రెండంగుళాలో పైకి పెడుతుంది. చూస్తే గడ్డి అనుకుంటాం కానీ అది విల్లో చెట్ల కుటుంబానిదే.

ఆగస్టు, సెప్టెంబరుల్లో ఆ ఆకుల మధ్య నుంచి ఎర్రటి గొడుగులు తలెత్తుతాయి. పేరు రుసులా నానా. లాటిన్‌లో నానా అంటే మరుగుజ్జు. రూపాయి బిళ్ల కన్నా కాస్త పెద్ద టోపీ, తెల్లటి కాడ. అయినా చాలాసార్లు పక్కనున్న చెట్టు కన్నా ఇదే పొడుగు! ముద్దొస్తోంది కదాని నోట్లో పెట్టుకునేరు... ఘాటైన కారం!

ఈ రెండు మరుగుజ్జులదీ ఇచ్చిపుచ్చుకునే స్నేహం. మట్టిలో పుట్టగొడుగు పోగులు విల్లో వేళ్లను చుట్టుకుని నీరూ పోషకాలూ అందిస్తాయి. బదులుగా విల్లో తన ఆకుల్లో తయారైన చక్కెరను పంచుతుంది.

ఇలాంటి నేస్తాలు ఈ మట్టిలో ఎన్నో. 2021లో కొండలెక్కేవాళ్లే 55 శిఖరాల నుంచి 219 మట్టి నమూనాలు తెచ్చిచ్చారు. జేమ్స్ హటన్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు డీఎన్ఏ పరీక్షలు చేస్తే 2,700కు పైగా శిలీంధ్ర జాతులు బయటపడ్డాయి. గ్రీన్‌లాండ్ పేరుతో ఉన్న ఓ అమనీటా బ్రిటన్‌లో దొరకడం అదే మొదటిసారి.

అయితే ఆ చల్లదనమే ఇప్పుడు తరిగిపోతోంది. ఇక్కడి బ్రేరియాక్ కొండ మీద ‘స్ఫింక్స్’ అనే మంచుమేట ఒకప్పుడు వేసవిలోనూ కరిగేది కాదు. 2021 నుంచి 2024 దాకా ఏటా పూర్తిగా కరిగిపోయింది. చలిని వెతుక్కుంటూ ఇంకా పైకి జరుగుదామంటే, వీటిలో ఎత్తైన బెన్ మెక్‌డ్యూయి కూడా 1309 మీటర్ల దగ్గర ఆగిపోతుంది. దీపం ఆరిపోతే మనం ‘కొండెక్కింది’ అంటాం. కొండమీది ఈ ఎర్రదీపాలకు ఆ మాట రాకూడదు.

వెళ్లేవాళ్లు బాట దిగకుండా నడవడమూ వాటికి సాయమే. అక్కడ చెప్పుకింద నలిగేది గడ్డి కాదు... అడవి!