పొలాస కరిగెట, సిరిసిల్ల సిలిండరు

కోరుట్ల దాటి జగిత్యాల వైపు వస్తుంటే రోడ్డుకు రెండు పక్కలా కోతలైపోయిన పొలాలు. చాలాచోట్ల కొయ్యకాళ్ళు కాల్చిన నల్లమచ్చలు. వ్యవసాయ పరిశోధన స్థానం ఉన్న పొలాసలో ఒక రైతు మాత్రం నిప్పు పెట్టలేదు. నీళ్ళు కట్టి, సూపర్ ఫాస్ఫేటు చల్లి, ట్రాక్టరుతో కరిగెట తొక్కిస్తున్నాడు.

"పది పదిహేను రోజులల్ల మురుగుతది సారూ" అంటూ, ముందే దున్నిన మడిలోంచి పిడికెడు బురద తీసి చూపించాడు. పైన పలచటి ఎర్రపొర, లోపల నీలినలుపు. గడ్డిపోచను వేళ్ళమధ్య నలిపితే జిగటగా విడిపోయింది. గాలి ఆడని బురదలో కొన్ని సూక్ష్మజీవులు ఆక్సిజన్ బదులు ఇనుమును వాడుకుంటాయి. ఆ రంగుల తేడా చాలావరకు అందువల్లే.

ఆ ఇనుము కోసమే నేనిక్కడ ఆగాను. 2019లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో షాన్ హువాంగ్, పీటర్ జాఫే ఒక ఫలితం ప్రకటించారు. ఇనుము సాయంతో అమోనియాను ఆక్సీకరించి బతికే ఏ6 అనే బాక్టీరియా, కొన్ని రకాల మంటలార్పే నురుగులో ఉండే పీఎఫ్‌ఓఏ, పీఎఫ్‌ఓఎస్ రసాయనాలను 100 రోజుల్లో 60 శాతం దాకా తగ్గించిందని. అది దొరికింది న్యూజెర్సీ చిత్తడి నేలలో. యూరియా పడే మన మడిలోనూ అమోనియా ఉంది, ఇనుమూ ఉంది. ఆశ పుట్టడం సహజమే. కానీ అది ప్రయోగశాల సీసాలో జరిగిన పని. పొలానికి అప్పగించే పని కాదు.

అలాంటి నురుగు మన దగ్గరా ఉంది. సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) షెడ్డు. చప్పుడుకు పక్కమనిషి మాట వినపడదు. పాలిస్టర్ బీముల వెనక గోడకు ఎర్ర సిలిండరు: మెకానికల్ ఫోమ్, 9 లీటర్లు. గడువు తీరితే పాత ద్రవాన్ని ఏం చేస్తారని ఆసామిని అడిగాను. "ఎన్క మట్టిల పారవోస్తరు. సబ్బునీళ్ళే గద!"

సబ్బునీళ్ళు కావు. పెట్రోలు మంట మీద పొరలా పరుచుకునేలా 1960లలో అమెరికా నౌకాదళం, 3ఎం కంపెనీ కలిసి తయారుచేసిన రకమిది. అందులోని కార్బన్-ఫ్లోరిన్ బంధం కర్బన రసాయనాల్లోని ఏకబంధాల్లోకెల్లా గట్టిది. మట్టిలో పోస్తే సూక్ష్మజీవులు అణువులో ఫ్లోరిన్ లేని కొసను కొరికేస్తాయి, తక్కినదాన్ని వదిలేస్తాయి. ఆ మిగిలినదే తరచుగా పీఎఫ్‌ఓఏ లాంటి మొండి సరుకు. అంటే కొన్నిసార్లు "విచ్ఛిన్నం" అని రాసే నివేదికలో విషం రూపు మార్చుకుందనే అర్థం. ఆ బంధం తెగితే బయటపడాల్సిన ఫ్లోరైడ్ ఎంత విడుదలైందో చెప్పని లెక్కను నేను నమ్మను. అంతర్జాతీయ స్టాక్‌హోమ్ ఒప్పందం 2009లో పీఎఫ్‌ఓఎస్‌ను, 2019లో పీఎఫ్‌ఓఏను తన జాబితాలోకి ఎక్కించింది ఇవి ఇలా నిలిచిపోతాయనే.

ఆసామి కాసేపు సిలిండరు కేసి చూశాడు. "మరి ఏడ పొయ్యాలె?"

ఎక్కడా పొయ్యొద్దు, క్యానులో పట్టి నింపేవాళ్ళకే తిరిగి ఇచ్చెయ్యమన్నాను. వాళ్ళు తీసుకెళ్ళి ఏం చేస్తారన్నది ఇంకో తలనొప్పి. అసలీ షెడ్డులో పెట్రోలు లేదు. ఉన్నది దారం, బట్ట. కరెంటు మెయిన్ ఆపేశాక వాటి మంటకు నీళ్ళ సిలిండరు చాలు.

"మరి మాకిది ఎందుకంటగట్టిండ్రు?" అన్నాడు, బిల్లు కోసం సొరుగు లాగుతూ.