పట్టు ఉండాలి, గాటు పడకూడదు

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో పనిముట్ల దుకాణం ముందు వరసగా పేర్చిన వైస్‌లన్నీ నీలం రంగులో నిగనిగలాడుతున్నాయి. వైస్ కొనడానికి వచ్చిన మేస్త్రి రంగు వంక చూడలేదు. ఒకదాన్ని కౌంటర్ మీద పెట్టించి, పిడి తిప్పి దవడలను చివరికంటా తెరిచాడు. కదిలే దవడను రెండు చేతులతో పట్టుకుని పైకీ కిందికీ, పక్కలకీ ఊపాడు.

“గిట్ల మొత్తం తెరిచి ఊపి సూడాలె సార్. మూసి సూస్తే అన్నీ మంచిగనే కొడ్తయ్.”

దవడ బయటికి వచ్చేకొద్దీ దాని కడ్డీకి లోపల ఆధారం తగ్గుతుంది. అందుకే తయారీలో మిగిలిన లూజు అప్పుడే బయటపడుతుంది. కొంచెం లూజు అన్నిట్లోనూ ఉంటుంది. బిగించినప్పుడు దవడ పైకి లేస్తుందా లేదా అన్నదే అసలు పరీక్ష. మేస్త్రి బిల్లు పుస్తకంలోంచి చించిన కాగితపు ముక్కలను దవడల మధ్య కుడి, ఎడమ మూలల్లో పెట్టి మెల్లగా బిగించి, ఒక్కోదాన్ని లాగి చూశాడు. ఒకవైపు గట్టిగా పట్టి, రెండోవైపు కాగితాన్ని వదిలేసిన వైస్‌ను పక్కన పెట్టేశాడు. దవడల పై అంచులు ఒక వెంట్రుకవాసి ముందు తాకితే తప్పు కాదు. గట్టిగా బిగించేకొద్దీ అవి పైన విచ్చుకుంటాయి కనుక అప్పటికి పూర్తిగా ఆనుతాయి.

తర్వాత వైస్‌ను బోర్లించి అడుగు చూశాడు. ఇది చాలామంది చేయని పని. స్పిండిల్‌కు చదరపు మరలు ఉన్నాయా, ఆ మరలు తిరిగే నట్టు ఎంత పొడవుంది, అరిగితే విప్పి మార్చుకునే వీలుందా అన్నవి అక్కడే తెలుస్తాయి. రెండు వైస్‌ల మీదా 125 మి.మీ. అనే రాసి ఉండవచ్చు, కానీ అది దవడల వెడల్పు మాత్రమే. ఒకటి రెండోదానికన్నా చేతికి బాగా బరువు తగిలిందంటే, ఆ బరువు దవడ మొదట్లో, కడ్డీలో లోహంగా ఉంటుంది. నా మటుకు నేను 150 పలచటిదానికన్నా 125 మందమైనదాన్నే కొంటాను.

వైస్‌ను పోతపోసే బీడు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మామూలు బీడులో గ్రాఫైట్ ఎండుటాకుల్లా పొరలుగా పరుచుకుని ఉంటుంది. నొక్కుడును ఆ బీడు బాగా తట్టుకుంటుంది, లాగుడును తట్టుకోలేదు. వైస్ బిగించినప్పుడు దవడలు రెండూ వెనక్కి వంగాలని చూస్తాయి. దాంతో దవడ మొదట్లో లోపలివైపు లాగుడు పడుతుంది. వైస్‌లు తరచూ అక్కడే విరగడానికి కారణం ఇదే. ఎస్‌జీ ఐరన్‌లో గ్రాఫైట్ గుండ్రటి గుళికలుగా మారి ఉంటుంది. పగులు పాకడానికి దారి దొరకదు. పోతపోసిన ఉక్కూ, ఫోర్జింగ్ చేసిన ఉక్కూ ఇంకా గట్టివి, ధరా ఎక్కువే. ఆకురాయి పనికి మంచి బీడు వైస్ చాలు. వైస్‌లో పెట్టి సుత్తి దెబ్బలు కొట్టే పని రోజూ ఉంటే మాత్రం ఎస్‌జీకి తక్కువ తీసుకోకూడదు. బెంచ్ వైస్‌లకు మన దేశంలో ఐఎస్ 2586 అనే ప్రమాణం ఉంది. దుకాణంలో దాని గురించి అడగడానికి మొహమాటపడనక్కర్లేదు.

కొత్త వైస్‌తో బాలానగర్‌లోని మేస్త్రి షెడ్డుకు చేరేసరికి అక్కడి కుర్రాళ్లు పాత వైస్ విప్పేసి ఉంచారు. 1968లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ వచ్చింది ఈ బాలానగర్‌లోనే. పెద్ద సంస్థలకు విడిభాగాలు చేసిచ్చే చిన్న షెడ్లు ఇక్కడ సందు సందునా ఉన్నాయి. ఈ షెడ్డులో మిల్లింగ్ అయిన అల్యూమినియం ముక్కల అంచులకు మిగిలిన బర్రును చేత్తో తీస్తారు. వైస్‌లో పట్టకపోతే పని సాగదు, పట్టినందుకు గాటు పడితే ఆ ముక్క తిరిగి వస్తుంది.

కొత్త వైస్‌ను బల్ల అంచుకు బిగించారు. స్థిర దవడ బల్ల అంచును కాస్త దాటి బయటికి ఉండాలి. అప్పుడే పొడవాటి కడ్డీని నిలువుగా కిందికి దించి పట్టవచ్చు. దవడల పైభాగం పనివాడి మోచేతి ఎత్తుకు రావాలి. కుర్రాడిని నిలబెట్టి చూసి, బల్ల కాళ్ల కింద చెక్కలు పెట్టించాడు మేస్త్రి.

వైస్‌తో వచ్చే దవడ పలకలు గట్టిపరచిన ఉక్కు, వాటి మీద గరుకు పళ్లు. అల్యూమినియానికీ ఇత్తడికీ అవి శత్రువులు. వాటి బదులు పెట్టేవే సాఫ్ట్ జాస్. అల్యూమినియం యాంగిల్‌ను దవడల వెడల్పుకు రెండు ముక్కలు కోసి పైన తొడిగేస్తే తాత్కాలికంగా పని నడుస్తుంది. మేస్త్రి మాత్రం ఉక్కు పలకలు విప్పి, వాటినే కొలతగా పెట్టి 12 మి.మీ. మందం అల్యూమినియం పట్టీల మీద రంధ్రాలు గుర్తు పెట్టాడు.

“నూనె గాదురా, కిరసనాయిలు పొయ్యి” అన్నాడు డ్రిల్లు దగ్గరి కుర్రాడితో. అల్యూమినియం డ్రిల్లు అంచుకు అంటుకుపోతుంది. కిరసనాయిలు ఆ అంటుకోవడాన్ని ఆపుతుంది. ఆకురాయికి సుద్ద రాయడం కూడా అందుకే. అలెన్ బోల్టుల తలలు ఉపరితలానికి 3 మి.మీ. కిందికి దిగేలా గుంటలు తొలిచారు. ఉక్కు తల పైకి తేలితే ఇంత శ్రమా వృథా. పాత వైస్‌లకైతే బోల్టు మర మెట్రిక్ కాకుండా విట్‌వర్త్ కావచ్చు. ట్యాప్ పెట్టేముందు పాత స్క్రూను సరిచూసుకోవాలి.

బిగించాక ఒక పట్టీకి మార్కింగ్ బ్లూ పూసి దవడలు మూశారు. రెండో పట్టీ మీద నీలం అంటిన మిట్టలను ఆకురాయితో మెల్లగా తగ్గించారు. అది మళ్లీ మళ్లీ సాగిన పని. షెడ్డులో ఎవరూ తొందరపడలేదు, నాకూ అక్కడినుంచి కదలాలనిపించలేదు. గుండ్రటి కడ్డీల కోసం చేసిన ఏర్పాటు నాకు ఇంకా నచ్చింది. రెండు పట్టీల మధ్య పలచటి రేకు పెట్టి బిగించి, సరిగ్గా ఆ కలయిక మీద కడ్డీ సైజు డ్రిల్లు దింపారు. రేకు తీసేశాక ఏర్పడిన రెండు అర్ధవృత్తాలు కడ్డీని చుట్టూ పట్టుకుంటాయి, గీత పడదు.

మెరుగుపెట్టిన ఇత్తడికి వీళ్లు రాగి రేకు వాడతారు. వాడగా వాడగా రాగి గట్టిపడుతుంది. ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మళ్లీ మెత్తబడుతుంది. ఉక్కుకు జరిగేదానికి ఇది తలకిందులు.

ఉక్కు పనికీ అల్యూమినియం పనికీ ఒకే సాఫ్ట్ జాస్ వాడనివ్వడు మేస్త్రి. ఉక్కు రజను మెత్తటి పట్టీలో దిగబడి, తర్వాత వచ్చే ప్రతి ముక్కనూ గీకుతుంది. అందుకని ప్రతి ముక్క తర్వాత బ్రష్‌తో తుడుస్తారు. పట్టీ మీద గాట్లు కనిపిస్తే ఆకురాయితో ఒక పొర తీసి మళ్లీ చదును చేస్తారు. బోల్టు తల పైకి తేలే దాకా రానివ్వరు. మందం 10 మి.మీ.కి తగ్గగానే పట్టీలను స్క్రాప్ డబ్బాలో పడేసి, రాక్ మీది పొడవాటి అల్యూమినియం బార్‌లోంచి ఇంకో రెండు ముక్కలు కోస్తారు.