రుచి చూడటానికి స్పెయిన్ దాకా

మావారిది వైన్ వ్యాపారం. ఈ మాట చెప్పగానే మన సంఘం కార్యక్రమాల్లో ఆడవాళ్ళు ఒక్క క్షణం ఆగి, "అంటే... బారా?" అని అడుగుతారు. బారు కాదండీ. విదేశాల నుంచి వైన్ తెప్పించి పుణె, ముంబై హోటళ్ళకు సరఫరా చేయడం. మూడు తరాల కింద కరీంనగర్ నుంచి సోలాపూర్ వచ్చి మగ్గాలు పెట్టుకున్న ఇంట్లో ఈ వ్యాపారం ఎలా పుట్టిందన్నది వేరే కథ. తాగుడు సంసారాలను ఏం చేస్తుందో మిల్లు వాడల్లో పెరిగిన నాకు ఒకరు చెప్పక్కర్లేదు. అందుకే ఆయన వ్యాపారానికి నేను ఎప్పుడూ ఆమడ దూరం. 2018 అక్టోబరులో మాత్రం, పిల్లలిద్దరూ చదువులకు వెళ్ళిపోయి ఇల్లు బోసిపోయి ఉండగా, "ఈసారి నువ్వూ రా, పదకొండు రోజులేగా" అన్నారు. సరేనన్నాను.

మా అత్తగారు మాత్రం, "అక్కడ ఏం చేస్తారురా?" అని కొడుకును నిలదీశారు. "రుచి చూస్తామమ్మా. చూసి ఉమ్మేస్తాం." ఆవిడ నా వైపు తిరిగి, "ఉమ్మడానికి అంత దూరం పోవాలా?" అన్నారు.

నిజంగా ఉమ్మేస్తారు! మాడ్రిడ్‌లో దిగి, అద్దె కారులో ఉత్తరానికి మూడున్నర గంటలు వెళితే రియోహా ప్రాంతం. అక్కడ మొదటి రోజు ఉదయం పది గంటలకే పని మొదలైంది. నోరు శుభ్రంగా ఉండే వేళ అదేనట. తలకు కొబ్బరినూనె వద్దు, సెంటు వద్దు, నోట్లో యాలక్కాయ కూడా వద్దని మావారు ముందే హెచ్చరించారు. పొడుగు బల్ల మీద వరసగా గ్లాసులు, మధ్యలో ఉమ్మడానికి పాత్ర, ఒక పళ్ళెంలో రొట్టెముక్కలు. గ్లాసు కింద తెల్లకాగితం పెట్టి రంగు చూడాలి. గ్లాసు గుండ్రంగా తిప్పి వాసన చూడాలి. ఒక్క గుక్క తీసుకుని, నోట్లోనే గాలి పీల్చి, నాలుక అంతటా తిప్పి ఉమ్మేయాలి. ఆనక పుస్తకంలో రాసుకోవాలి. ఇలా రోజుకు ముప్ఫై నలభై రకాలు. సాయంత్రానికి మావారి పళ్ళు నేరేడుపళ్ళు తిన్న పిల్లవాడి పళ్ళలా అయ్యేవి. ఇది విలాసం అనుకునేవాళ్ళు ఒక్కరోజు వెంట వెళ్ళి చూడాలి.

రెండో రోజుకు నాకో సంగతి తెలిసింది. వాసన పట్టడంలో నేనేమీ తక్కువ కాదు. ఇరవై ఆరేళ్ళు వంటింట్లో ఏది మాడుతోందో, ఏ పప్పు పురుగు పట్టిందో వాసనతోనే చెప్పే ముక్కు కదా! ఆయన "తోలు, పొగాకు, వనిల్లా" అని ఇంగ్లీషు పుస్తకాల భాషలో రాసుకుంటుంటే, నేను పక్కనుంచి "ఎండిన వక్క. నానబెట్టిన అంజూర. పాత పుస్తకాల బీరువా" అనేదాన్ని. మొదట నవ్వారు. మూడో రోజు నుంచి నా మాటలు కూడా రాసుకోసాగారు.

రియోహాలో ఆరో అనే చిన్న ఊరుంది. ఇంగ్లీషులో హెచ్‌తో మొదలైనా స్పానిష్ వాళ్ళు ఆ అక్షరం పలకరు. రైలుస్టేషన్ చుట్టూ గుంపుగా పేరున్న వైన్ కంపెనీలన్నీ ఉన్నాయి. స్టేషన్ చుట్టూనే ఎందుకో తెలియాలంటే ఒక పురుగు కథ చెప్పాలి. అమెరికా నుంచి వచ్చిన ఫిలోక్సెరా అనే పేనులాంటి పురుగు 1860ల నుంచి ఫ్రాన్సులో ద్రాక్షతీగల వేళ్ళను తినేసింది. సరుకు లేక బోర్డో వర్తకులు సరిహద్దు దాటి వచ్చి ఇక్కడ వైన్ కొనడం మొదలుపెట్టారు. పీపాలు రైలెక్కించడానికి వీలుగా స్టేషన్ పక్కనే గోదాములు వెలిశాయి. పీపాలలో నిలవబెట్టే పద్ధతి ఈ ప్రాంతంలో స్థిరపడింది కూడా వాళ్ళతోనే. ఆరో ఎంత కలిసొచ్చిన ఊరంటే 1890లోనే దాని వీధుల్లో విద్యుద్దీపాలు వెలిగాయి. తరవాత అదే పురుగు 1899 ప్రాంతంలో రియోహాకూ వచ్చింది. మందుతో కాదు, అంటుతో బతికారు. పురుగును తట్టుకునే అమెరికా జాతి వేరు మీద తమ ద్రాక్ష కొమ్మను అంటు కట్టారు. ఇప్పటికీ అదే పద్ధతి.

అక్కడ లోపెజ్ దె ఎరెదియా అనే కంపెనీ 1877లో పెట్టినది. మా సోలాపూర్ 'జునీ మిల్' పుట్టిన సంవత్సరం కూడా అదే. మిల్లు మూతపడి ఎన్నో ఏళ్ళయింది. ఇది మాత్రం అదే కుటుంబం చేతిలో నడుస్తోంది. పీపాలు చేసే వడ్రంగులు వాళ్ళ ఆవరణలోనే ఉన్నారు. కొండ తొలిచిన నేలమాళిగలోకి దిగితే గోడలకు నల్లని బూజు, సీసాల మీద దుప్పట్లలా సాలెగూళ్ళు! నా చెయ్యి చీపురు కోసం వెతికింది. వాటిని కావాలనే ఉంచుతారట, బిరడాలను తొలిచే పురుగులను సాలీళ్ళు తింటాయని. ఇంత పాత ఇంటి గుమ్మంలో, బాగ్దాద్‌లో పుట్టిన జహా హదీద్ కట్టిన గాజు మంటపం ఒకటుంది. ముస్తాబు బాగానే ఉంది గాని, నాకు సాలెగూళ్ళే నచ్చాయి.

పీపా అంటే 225 లీటర్లు. అమెరికా ఓక్ కర్రతో చేసినదాంట్లో ఉంచిన వైన్‌కు పచ్చికొబ్బరి కోరు వాసన వస్తుంది. 'గ్రాన్ రెసెర్వా' అని సీసా మీద రాయాలంటే రియోహా ఎర్ర వైన్ కనీసం ఐదేళ్ళు నిలవ ఉండాలి, అందులో రెండేళ్ళయినా పీపాలో. కొత్త వైన్ తేటపడటానికి కోడిగుడ్డు తెల్లసొన కలిపే పద్ధతి ఇంకా కొన్నిచోట్ల ఉంది. మరి పచ్చసొన? పూర్వం సన్యాసినుల మఠాలకు ఇచ్చేవాళ్ళట. దక్షిణాన హెరెస్ ఊళ్ళో దానితోనే పంచదార పాకం పోసి 'తోసినో దె సియెలో' అనే మిఠాయి పుట్టించారని చెబుతారు. పారేసే వస్తువుతో పండుగ వంట చేయడం ఏ దేశంలోనైనా ఆడవాళ్ళకే తెలుసు.

ఇక అసలు సంగతి. మావారి దగ్గర ఉన్న పెట్టుబడి ఒక్క కంటైనర్‌కే సరిపోతుంది. అప్పట్లో మన దేశంలో వైన్ మీద దిగుమతి సుంకం నూటికి 150. అంటే నాలుగు యూరోల సీసా రేవు దాటేసరికి పది యూరోలు. ఆపైన రాష్ట్రం పన్నులు, గోదాము అద్దె, హోటల్ లాభం. యూరో అప్పట్లో 80 రూపాయల ప్రాంతం, లెక్క వేసుకోండి. హోటళ్ళవాళ్ళకు రియోహా పేరు తెలుసు. పేరు తెలిసిన సరుకు నింపుకుని ఇంటికి పోవడం తెలివైన పని. మావారికీ ఆ ఉద్దేశమే. అయితే ఎబ్రో నది వెంట కిందికి, సరగోసా దారిలో బోర్హా అనే ఊళ్ళో ఒక సహకార సంఘం వాళ్ళు రమ్మన్నారని వెళ్ళాం.

బోర్హా పేరు మీరు విని ఉండవచ్చు. 2012లో అక్కడి గుడిలో పాడైపోయిన క్రీస్తు బొమ్మను ఒక వృద్ధురాలు భక్తితో బాగుచేయబోతే అది కోతిలా తయారై ప్రపంచమంతా నవ్వింది. తరవాత దాన్ని చూడటానికే జనం వచ్చి టిక్కెట్లు కొన్నారు. మేమూ చూశాం. నాకు నవ్వు రాలేదు, ఆవిడ ధైర్యం నచ్చింది.

ఆ ప్రాంతం రియోహా పచ్చదనం కాదు. ఎర్రమట్టి, రాళ్ళు, దూరంగా మొంకాయో పర్వతం. సియెర్సో అనే గాలి ఎదురుగా నిలబడితే చీర కొంగు చేతిలో ఆగదు. అక్కడి ద్రాక్ష గర్నాచా. మన నాసిక్, సాంగ్లీ తోటల్లా పందిళ్ళు, తీగలు ఉండవు. మోకాలెత్తు నల్లని మొద్దులు, ఒక్కొక్కటి ఒక్కో వంకర, ఎడంఎడంగా నాటినవి. నీళ్ళు తక్కువ కనుక అంత ఎడం. తోట చూపించిన రైతుకు డెబ్బై దాటాయి. ఆ మొద్దులు తన తాత నాటినవన్నాడు. చెట్టుకు కిలో, కిలోన్నర కాయ వస్తే గొప్ప. పక్కనే తీగలు కట్టి, సన్నని గొట్టాలతో నీళ్ళు పెట్టిన కొత్త తోటలో దానికి నాలుగైదు రెట్లు. సంఘం కొనేది కిలోల లెక్కన! కొడుకు సరగోసా దగ్గర కార్ల ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాడు. ఐరోపా సమాఖ్య 2008 నుంచి మూడేళ్ళపాటు ద్రాక్షతోటలు పీకేసేవాళ్ళకు డబ్బులిచ్చింది. అందరికంటే ఎక్కువ పీకింది స్పెయిన్ రైతులే. ఆయన అన్నదమ్ముల తోటలు అలాగే పోయాయి. "నేను ఉన్నంతకాలం" అని ఆయన అన్నట్టు దుబాసీ కుర్రాడు చెప్పాడు. ఆ మాట మా మావగారి నోట విన్నాను, చివరి చేతిమగ్గం గురించి. ఆయన ఉండగానే అమ్మేశాం.

మధ్యాహ్నం ఆ రైతు భార్య 'మిగాస్' పెట్టింది. నిన్నటి రొట్టెను పొడిచేసి, నీళ్ళు చిలకరించి, వెల్లుల్లితో నూనెలో వేయించి, పైన పచ్చి ద్రాక్షపళ్ళు వేసిస్తారు. గొర్రెల కాపరుల తిండి. మిగిలిన చపాతీలు నలిపి మనం పోపు పెట్టుకోమూ, అదే! రెండోసారి వడ్డించుకున్నాను. ఆవిడకు ఇంగ్లీషు రాదు, నాకు స్పానిష్ రాదు, వెల్లుల్లి ఎన్ని రెబ్బలో మాత్రం వేళ్ళతో చెప్పింది.

ఆ తరవాత సంఘం గదిలో రెండు గ్లాసులు పెట్టారు. ఒకటి పాత తోటలదీ కొత్త తోటలదీ ఒకే తొట్టిలో కలిపినది, రెండోది పాత మొద్దుల కాయ మాత్రమే విడిగా పులియబెట్టినది. మొదటిదానికి పండు రేగుపళ్ళ వాసన, అంతే. రెండోదాంట్లో ఆ రేగు వెనకాల మిరియం, ఎండలో కాలిన రాయి మీద మొదటి చినుకు, చివర నాలుక మీద సన్నటి వగరు. నేను ఉమ్మలేదని ఒప్పుకుంటాను. సంఘం మేనేజరు సూటిగా చెప్పాడు: విడిగా కొనేవాళ్ళు ఉంటేనే పాత తోట రైతులకు కిలోకు వేరే ధర ఇవ్వగలం, లేకపోతే వచ్చే ఏడు ఇదీ పెద్ద తొట్టిలోకే.

ఆ రాత్రి హోటల్ గదిలో మావారు కాలిక్యులేటర్ ముందు చాలాసేపు కూర్చున్నారు. నేను సలహా ఇవ్వలేదు. అప్పు తీర్చవలసింది ఆయన. పొద్దున్నే లేచి, "మూడింట రెండొంతులు రియోహా, ఒక వంతు ఇది" అన్నారు. "అమ్ముడవుతుందా?" అంటే, "నువ్వు చెప్పిన వాసన ఇంగ్లీషులో ఎలా రాయాలో ఆలోచిస్తున్నా" అన్నారు.

చివరి మూడు రోజులు దక్షిణాన హెరెస్‌లో. అక్కడ కొనడానికి డబ్బు మిగల్లేదు కాబట్టి హాయిగా తిరిగాం. తెల్లని సున్నపు నేల, గుళ్ళంత ఎత్తయిన గోదాములు, నల్ల రంగు వేసిన పీపాలు. ఫీనో అనే రకానికి పీపా నిండా పోయరు, కొంత ఖాళీ ఉంచుతారు. పైన తెల్లని ఈస్ట్ పొర కడుతుంది. మనింట్లో ఊరగాయ మీద కనిపిస్తే గుండె గుభేలుమనే పొరే! అక్కడ దాన్ని 'పువ్వు' అని పిలిచి కాపాడుకుంటారు, అది గాలి తగలకుండా వైన్‌ను కాస్తుంది. ఇంకో వింత, అడుగు వరస పీపాలను ఎన్నడూ ఖాళీ చేయరు. కొద్దిగా తీసి, తీసినంత పై వరసలోని చిన్న వయసుదాన్ని పోస్తారు. మా అమ్మమ్మ కలికుండ ఇలాగే నడిచేది. కోస్తావాళ్ళు తరవాణి అంటారు. పెద్రో హిమేనెస్ అనే ద్రాక్షనైతే చాపల మీద ఎండబెట్టి, ఎండుద్రాక్ష అయ్యాక పిండుతారు. ఆ వాసన అచ్చం ఖర్జూరం, పాతబెల్లం పాకం.

సరుకు 2019లో ముంబై పక్కన న్హావా శేవా రేవుకు చేరింది. రియోహా త్వరగానే కదిలింది. బోర్హా సీసాలు హోటళ్ళలో ఒక్కొక్క పెట్టె చొప్పున రుచి చూపించి అమ్మేసరికి 2020 మార్చి వచ్చింది, హోటళ్ళన్నీ మూతపడ్డాయి. గోదాములో సగం సరుకు, నెలనెలా అద్దె, బ్యాంకు వాయిదా. ఆ రెండేళ్ళు మా ఇంట్లో వైన్ మాట ఎత్తితే ఎవరూ పలికేవారు కాదు. 2022 చివరికి అంతా అమ్ముడయింది. లాభం లేదు, నష్టమూ లేదు. వగరు తగ్గి మునుపటికంటే బాగుందని ఒక హోటల్ వాళ్ళు ఇంకా ఉందా అని అడిగారు కూడా.

మావారు రెండో ఆర్డరు రాస్తే, సంఘం నుంచి జవాబుతో పాటు ఒక ఫోటో వచ్చింది. ఆ రైతు మోకాళ్ళ నొప్పితో పని మానేశాడట. గట్టు మీది పాత తోటను పక్క ఊరి కుర్రాడు కౌలుకు చేస్తున్నాడు, ఈ ఏడు కాయ విడిగానే పులియబెట్టారు, కాని ముందు ఇచ్చినదాంట్లో సగమే ఇవ్వగలరు. కింది తోట పీకి బాదం మొక్కలు నాటారు. ఫోటోలో వరసగా నాటిన మొక్కలు, వాటి వెనక గట్టున కట్టెల కుప్పలా పోసిన నల్లని మొద్దులు. మావారు ఇవ్వగలిగినంతా పంపమని రాశారు.