మోయలేని బరువు



ఈ సంగతి వ్రాయడానికి చాలాకాలం సిగ్గుపడ్డాను. నా రొమ్ములు నా ఒంటికి మించిన బరువు. నాట్లప్పుడు గంటసేపు వంగితే మెడ, వీపు పట్టేసేవి. బాడీ పట్టీలు దిగబడి భుజాలమీద గంట్లు పడ్డాయి. ఎండాకాలంలో రొమ్ముల క్రింద చెమటకు ఒరిసి పుండ్లయ్యేవి.

రొమ్ముల బరువు తగ్గించే ఆపరేషను ఉందని తెలిసింది. "దేవుడిచ్చిన ఒళ్లు కోయించుకుంటావా?" అన్నారు అత్తయ్య. సోకు కోసమని ఊరు అనుకుంటుందేమోనని నేనూ వెనుకాడాను. చివరికి మావారే పట్టణానికి తీసుకువెళ్లారు.

డాక్టరమ్మ దాచకుండా చెప్పారు: "మచ్చలు ఉండిపోతాయి. చనుమొనల్లో స్పర్శ తగ్గవచ్చు. ఆ తర్వాత బిడ్డ పుడితే పాలు చాలకపోవచ్చు." మా పిల్లలు పెద్దవాళ్లు, ఒప్పుకున్నాను. మత్తు ఇచ్చి మూడు గంటలు ఆపరేషను చేశారు. తీసిన కండను పరీక్షకు పంపితే జబ్బేమీ లేదని వచ్చింది. ఆరు వారాలు నేను బిందె ఎత్తలేదు. నీళ్లు అత్తయ్యే మోశారు.

మచ్చలున్నాయి. ఒక ప్రక్క స్పర్శ ఇంకా రాలేదు. అయితే మెడనొప్పి పోయింది, పుండ్లు మానాయి. మొన్న నాట్లలో మధ్యాహ్నం వరకు వంగి నాటాను. గట్టుమీద అత్తయ్య మెల్లగా అడిగారు: "ఇన్నేళ్లూ ఇంత బాధ పడ్డావా అమ్మాయ్? చెప్పలేదేం?"

మీలో ఎవరైనా ఇలా బాధపడుతుంటే సిగ్గుపడి దాచుకోకండి. ముందు డాక్టరుతో చెప్పండి.