బొమ్మ అయిపోయాక చదివిన పుస్తకాలు

సినిమా పత్రికలో పుస్తకాల గొడవేమిటి అనుకుని పేజీ తిప్పేయకండి! నేనూ మీ బాపతే. మొదటి రోజు మొదటి ఆటకి టిక్కెట్టు దొరక్కపోతే అన్నం సహించని జాతి. పత్రికలకు రాసుకుని బతుకుతున్న మాట నిజమే గానీ, ఇంట్లో అద్దాల బీరువా నిండా గ్రంథాలు పేర్చుకున్న పండితుణ్ణి మాత్రం కాను. బి.ఏ. చదివిన మూడేళ్లలో క్లాసు పుస్తకాలకంటే గోడల మీది పోస్టర్లే ఎక్కువ చదివాను.

అలాంటివాణ్ణి, ఈ ఏడాది పొడుగునా పుస్తకాలు చదివాను. దానికో కారణం ఉంది. నవలల్లోంచి వచ్చిన సినిమాల మీద ఓ వ్యాసం రాసిపెట్టమన్నారు. సినిమాలు ఎలాగూ చూసినవే, నవలలు కూడా చదివితే పోలా అని మొదలుపెట్టాను. వ్యాసం రెండు నెలల్లో అయిపోయింది. చదవడం మాత్రం ఆగలేదు!

మాది పాతబస్తీ. శాలిబండ దగ్గర ఓ గల్లీ. అక్కణ్ణుంచి చార్మినార్, గుల్జార్ హౌజ్, పత్తర్‌గట్టి, మదీనా దాటి నయాపూల్ మీదుగా అఫ్జల్‌గంజ్ చేరితే మూసీ ఒడ్డున స్టేట్ సెంట్రల్ లైబ్రరీ. 1891లో అసఫియా లైబ్రరీగా మొదలై, 1936లో ఇప్పుడున్న భవంతిలోకి మారింది. అక్కడ దొరకనిది ఆదివారం పూట ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరుకుతుంది. బేరమాడే ఓపిక మాత్రం ఉండాలి. ఈ రెండు చోట్లా తిరిగి ఏడాదిలో ఇరవై మూడు పుస్తకాలు పూర్తి చేశాను. అందులో నన్ను వదలని కొన్నింటి గురించే ఈ నాలుగు మాటలు.

దీపాల వెనక చీకటి

మొదట చెప్పవలసింది రావూరి భరద్వాజ గారి 'పాకుడురాళ్ళు'. సినిమావాళ్ల మీద తెలుగులో వచ్చిన నవలల్లో దీన్ని చదవకుండా సినిమా పిచ్చి ఉందని చెప్పుకోకూడదని నా ఉద్దేశం. భరద్వాజ గారు పెద్ద పెద్ద కాలేజీల్లో చదువుకున్నవారు కాదు. హైదరాబాద్ ఆకాశవాణిలో పనిచేశారు. ఈ నవలకు మొదట 'మాయ జలతారు' అని పేరు పెట్టుకున్నారట. 2012 సంవత్సరానికి ఆయనకు జ్ఞానపీఠం వచ్చింది. విశ్వనాథ సత్యనారాయణ, సి. నారాయణరెడ్డి గార్ల తర్వాత ఆ గౌరవం దక్కిన మూడో తెలుగు రచయిత. 2013 అక్టోబరులో కన్నుమూశారు.

నాటకాలాడుకునే మంగమ్మ సినిమాల్లోకి వచ్చి మంజరిగా ఎలా మారిందన్నది కథ. ఈ మాట వినగానే "ఓస్, ఇంతేనా! ఇలాంటివి పది చూశాం" అంటారు మీరు. నేనూ అలాగే అనుకుంటూ తెరిచాను. అయితే ఇందులో మంజరిని చూసి జాలిపడమని రచయిత ఎక్కడా మనల్ని బతిమాలడు. ఆమె తెలివిని, లెక్కను, పగను, ఒంటరితనాన్ని ఒకదాని పక్కన ఒకటి పెట్టి ఊరుకుంటాడు. 2018లో 'మహానటి' చూసి హాల్లో కళ్లు తుడుచుకున్న మిత్రులకు నాదో మనవి. ఆ సినిమా చూసి బయటికొచ్చినప్పుడు "పాపం సావిత్రి" అనిపించింది కదా? ఈ పుస్తకం మూసినప్పుడు పాపం అనబుద్ధి కాదు. కాస్త సిగ్గేస్తుంది. టిక్కెట్టు కొన్న మనం కూడా ఆ కథలో ఉన్నామని తెలుస్తుంది.

పేరు ఒకటే, కథ వేరు

రెండోది బుచ్చిబాబు గారి 'చివరకు మిగిలేది'. దీంతో ఓ తమాషా ఉంది. ఇదే పేరుతో 1960లో ఓ సినిమా వచ్చింది. సావిత్రి నర్సుగా వేసింది, గుత్తా రామినీడు గారు డైరెక్టు చేశారు. ఆ సినిమా ఈ నవలలోంచే వచ్చిందని పందెం కాసేవాళ్లు నాకు బోలెడుమంది తగిలారు. కాదు మహాప్రభో! ఆ కథ బెంగాలీది. సుచిత్రాసేన్ నటించిన 'దీప్ జ్వేలే జాయ్' (1959) అన్న సినిమా దానికి మూలం. తర్వాత వహీదా రెహమాన్‌తో హిందీలో 'ఖామోషీ' (1969)గా వచ్చింది కూడా అదే.

మరి నవల సంగతేమిటి? ఇందులో హీరో దయానిధి. డాక్టరీ చదివినవాడు. తల్లి గురించి ఊరు చెప్పుకున్న మాటలు ఇతన్ని నీడలా వెంటాడతాయి. ఫైట్లు లేవు, చివర్లో విలన్‌ని కట్టేసి కొట్టడం లేదు. ఎవర్నైనా ప్రేమించగలనా అని తనను తానే అడుక్కుంటూ తిరిగే మనిషి. ఏ నిర్మాత అయినా ఈ కథ వింటే "హీరో ఏమీ చెయ్యడేమిటయ్యా?" అని అడుగుతాడు. నిజమే, చెయ్యడు. కానీ ఇరవై ఎనిమిదేళ్ల వయసులో రాత్రిళ్లు నిద్రపట్టక ఇంటి పైకప్పు కేసి చూస్తూ పడుకున్నవాడెవడికైనా దయానిధి బాగా తెలిసినవాడే.

అన్నదమ్ములిద్దరు

దాశరథి అనగానే మీకు పాటలు గుర్తొస్తాయి. 'ఇద్దరు మిత్రులు' (1961) దగ్గర్నుంచి ఆయన రాసినవి ఇప్పటికీ రేడియోలో వస్తూనే ఉన్నాయి. నిజాం జైల్లో కూర్చుని కవిత్వం చెప్పిన ఈయనే గాలిబ్‌ను తెలుగులోకి తెచ్చారు. ఆ 'గాలిబ్ గీతాలు'కు బొమ్మలు వేసింది బాపు. అంకితం పుచ్చుకున్నది అక్కినేని నాగేశ్వరరావు. ఒక ఉర్దూ కవి, ఒక తెలంగాణ కవి, ఒక గోదావరి బొమ్మల మాంత్రికుడు, ఒక సినిమా హీరో... నలుగురూ ఒకే అట్ట కింద! ఇంతటి తారాగణం ఏ మల్టీస్టారర్‌కి కుదిరింది చెప్పండి?

ఆయన తమ్ముడు దాశరథి రంగాచార్య గారిది 'చిల్లర దేవుళ్లు'. 1977లో సినిమాగా వచ్చింది. నిజాం కాలంలో ఒక తెలంగాణ పల్లె, అక్కడ దొర గడీ, వెట్టి, బతుకుతెరువు కోసం ఆంధ్ర ప్రాంతం నుంచి వచ్చిన పాణి అనే సంగీత మాస్టారు. పాణి కళ్లతో మనం గడీలోకి అడుగుపెడతాం. అయితే పుస్తకం పూర్తయ్యాక నా మనసులో నిలిచింది పాణి కాదు, వనజ. గడీలో ఆడబాప. దొరసాని పెళ్లికి చీరలతోబాటు వచ్చి, పుట్టింటి పేరు కూడా లేకుండా చాకిరీలో కలిసిపోయే ఆడపిల్లల్ని ఆడబాపలనేవారు. బి. నర్సింగరావు గారి 'దాసి' (1988) చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆ వేషానికి అర్చనకు జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. మామూలు సినిమాలో అయితే ఈ అమ్మాయి కాఫీ కప్పుల పళ్లెం పట్టుకుని ఒక్క షాటులో వచ్చి వెళ్లిపోతుంది!

ఇక్కడే నాకు అసలు సంగతి తట్టింది. తెర మీద గుంపులో నిలబడే మనిషికి పుస్తకంలో పేరుంటుంది. ఇల్లుంటుంది. ఆ ఇంటికో తలుపు ఉంటుంది, అది మనకోసం తెరుచుకుంటుంది. సినిమా చెడ్డదని కాదు నేనంటున్నది. దానికి రెండున్నర గంటలే టైము. పుస్తకానికి ఆ తొందర లేదు.

సెట్టు చార్మినారూ, అసలు చార్మినారూ

గుంపులో నిలబడ్డం అంటే ఏమిటో మా పాతబస్తీ వాళ్లకి బాగా తెలుసు. 'ఒక్కడు' (2003)లో గుణశేఖర్ గారు చార్మినార్‌ను సెట్టు వేయించారు. నిజంగా గొప్ప సెట్టు. అసలు చార్మినార్ పక్కనుండే కుర్రాళ్లం టిక్కెట్లు కొనుక్కుని వెళ్లి సెట్టు చార్మినార్ చూసి ఈలలు వేశాం! ఆ సినిమా మీద నాకే కోపం లేదు. కానీ చాలా సినిమాల్లో మా పేట అంటే ఒక కత్తి, ఒక ఛేజు, ఓ బిర్యానీ ప్లేటు. సుర్మా పెట్టుకున్న ఓ మనిషి హీరోకి సాయం చేసి చచ్చిపోతాడు, లేదా విలన్‌కి సాయం చేసి చచ్చిపోతాడు. ఎలాగైనా ఇంటర్వెల్ దాటి బతకడు!

అందుకే నెల్లూరి కేశవస్వామి గారి 'చార్మినార్ కథలు' ఈ ఏడాది నా మొదటి పుస్తకం. లెక్కలో పదిహేనోదిగా చదివినా, మనసులో అదే మొదటిది. 1981లో వచ్చింది. కేశవస్వామి గారు (1920-1984) ఈ హైదరాబాద్ మనిషే. దేవిడీల్లో, గల్లీల్లో బతికిన ముస్లిం కుటుంబాలు, వాళ్లతో కలిసి తిరిగిన హిందూ కుర్రాళ్లు, మారిపోతున్న ఊరు... ఇవన్నీ మంచి తెలుగులో రాశారు. అందులో 'యుగాంతం' అన్న కథ పోలీసు చర్య రోజులది. 1948 సెప్టెంబరు 13న మొదలైన ఆ చర్య 17 నాటికి నిజాం రాజ్యాన్ని ముగించింది. చరిత్ర పుస్తకంలో అది నాలుగు వాక్యాలు. ఈ కథలో మాత్రం తెలిసిన ఇళ్లూ, తెలిసిన ముఖాలూ!

మా గల్లీ చివర డెబ్భై దాటిన ఒక ఖాలా ఉంది. పేరెందుకు లెండి. తెలుగు గలగలా మాట్లాడుతుంది, చదవడం రాదు. ఉర్దూ చదువుతుంది. నాకేమో ఉర్దూ వినబడితే అర్థమవుతుంది, అచ్చులో చూస్తే గీతలే! ఓ సాయంత్రం ఆమెకు 'యుగాంతం' చదివి వినిపించాను. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అయిపోయాక చాలాసేపు పాన్‌దాన్ మూత తీసి పెడుతూ కూర్చుంది.

"మా అమ్మీ చెప్పిన ముచ్చటే ఇది బేటా. మా అమ్మీకి తెలుగు రాకపాయె. ఈయనకెట్ల తెలిసింది?" అంది.

నా దగ్గర జవాబు లేదు. తర్వాత ఆమే అడిగింది, "దీన్ని సినిమా తీయలేదా?" అని.

"తీసినట్టు లేదు ఖాలా."

"మంచిగైంది. తీస్తే మా ఇంట్ల కత్తులు పెడుతరు!"

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ మర్నాటి నుంచి మా మధ్య ఒక ఒప్పందం. నేనో తెలుగు కథ చదవాలి, ఆమె ఓ ఉర్దూ కథ చదివి చెప్పాలి. అలా జీలానీ బానో గారు నాకు పరిచయమయ్యారు. ఎవరీవిడ అంటారా? శ్యామ్ బెనెగల్ 'వెల్ డన్ అబ్బా' తీసింది కొంత ఈవిడ కథ ఆధారంగానే. 'నర్సయ్యా కీ బావ్డీ' ఆ కథ పేరు. సినిమా చూసి పొట్టచెక్కలయ్యేట్టు నవ్వాను గానీ, దాని వెనక హైదరాబాద్ రచయిత్రి ఉందని ఖాలా చెబితేనే తెలిసింది.

ఇంగ్లీషు పుస్తకాల్లో ఒక్కటి చెప్పి ఊరుకుంటాను. విలియం డాల్రింపుల్ 'వైట్ మొఘల్స్' (2002). కోఠీ రెసిడెన్సీలో ఉన్న ఇంగ్లీషు దొర కిర్క్‌పాట్రిక్‌కీ, మన ఖైరున్నీసాకీ నడిచిన ప్రేమకథ. తన పరిశోధనకు పనికొచ్చిన ఓ పాత పారసీ పుస్తకం చార్మినార్ వెనక బజారులో ఓ కొట్లో దొరికిందని ఆయన రాశాడు. ఆ బజారులో నేను రోజూ చాయ్ తాగుతాను. ఏం లాభం! ఆ కొట్టు గుమ్మం మీది అక్షరాలే నాకు రావాయె.

చివరి మాట

2025 జనవరిలో పాతబస్తీ మెట్రో కోసం రోడ్డు వెడల్పు చేయడం మొదలైంది. ఎం.జి.బి.ఎస్. నుంచి చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్ల లైను. రైలు రావలసిందే, మా వాళ్లూ ఎక్కవలసిందే. దానికి నేనేమీ అడ్డం చెప్పను. కాకపోతే గుర్తులు పెట్టిన ఇళ్లలో ఖాలా ఇంటి ముందు భాగం కూడా ఉంది. ఆమె కూతురింటికి వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ జీలానీ బానో కథల పుస్తకం నా చేతిలో పెట్టి, "చదవనీకి రాదని వాపస్ తేకు. నేర్చుకో" అంది.

వీధి వెడల్పయితే ఇళ్లు పోతాయి. ఆ ఇళ్లలో ఎవరు ఎలా నవ్వేవారో, ఎవరికి ఎవరు కూర గిన్నె పంపేవారో ఆ వీధి వాళ్లు రాస్తేనే ఉంటుంది. కేశవస్వామి గారు రాశారు గనక డెబ్భై ఏళ్ల నాటి భయం ఓ సాయంత్రం మా గల్లీలో మళ్లీ వినబడింది.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఈసారి బొమ్మ మొదలయ్యేటప్పుడు పాప్‌కార్న్ పొట్లం విప్పుకుంటూ టైటిల్స్ వదిలేయకండి. 'మూలకథ' అని ఓ పేరు పడుతుంది. ఒక్క క్షణం ఉంటుంది. ఆ పేరు జేబులో వేసుకుని బయటికి రండి. ఆదివారం ఆబిడ్స్‌లో దాన్ని వెతకండి. దొరికితే చదవండి, దొరకకపోతే పక్కనున్నదేదైనా కొనండి, నష్టం లేదు.

వచ్చే ఏడాది నా జాబితాలో మొదటి పుస్తకం ఇప్పటికే ఖాయమైపోయింది. అలిఫ్, బే, పే, తే దాటి ఇప్పుడు జీమ్ దగ్గరున్నాను. పుస్తకం పేరు మాత్రం కూడబలుక్కుని చదివేశాను!